ఒక్క చరుపంటే ఆగమని

పోయిన వారం మన నర్సుని నది ఒడ్డున, మసకవెలుతురులో, కారవాన్ వెనక గోడ ముందు ఒంటరిగా నిలబెట్టి వచ్చేశాం. లోపల గ్యాసు పొయ్యి మీద టీ మరుగుతుంటే వెనక గోడ మీద ఎవరో ఒక్క చరుపు చరిచారు. ఆమె బయటికి వచ్చి చూస్తే మనిషి లేడు. రేకు గోడంతా సన్నగా తేమ పట్టి ఉంది. అందులో అరచెయ్యంత మేర మాత్రం పొడిగా ఉంది. అది చెయ్యి గుర్తే. చూపుడు వేలు సగానికి తెగిపోయిన చెయ్యి.

అలాంటి చెయ్యి ఆమె ఎరిగినంతలో ఒక్కరికే ఉండేది, ఆమె మేనమామకి. ఆయన వడ్రంగి. రంపం కింద వేలు పోగొట్టుకుని, కట్టు కట్టించుకుని వచ్చి, "పోన్లే, ఇక ఎవర్నీ వేలెత్తి చూపించక్కర్లేదు" అని నవ్విన మనిషి. ఆయన ఈ నదిలోనే పోయాడు. అప్పటికి నర్సుకి పన్నెండేళ్ళు. శవం ఈ రోజుకీ దొరకలేదు.

"దయ్యాల కథని ముందే చెబితే మేం పగలు చదువుకునేవాళ్ళం కదా" అని ఒక పాఠకురాలు నా మీద కోప్పడ్డారు. నాకు మాత్రం ముందు తెలుసా అమ్మా? అయినా ఈ వారం జరిగేదంతా పగలే జరుగుతుంది. కాకపోతే ఆ ఒడ్డున పగలనేది ఎంతవరకు పగలో నేను పూచీ పడలేను.

తెల్లారేసరికి గోడ మీద గుర్తు లేదు. కారణం దయ్యం కాదు, మొగుడు.

నర్సు భర్త బళ్ళో డ్రాయింగు మాస్టారు. కారు వెనక తగిలించి లాక్కెళ్ళే ఈ కారవాన్‌లో ఉండటం ఆయనకి ఇదే మొదటిసారి. వచ్చిన దగ్గర్నుంచీ ప్రతిదీ ఆయనకి ముద్దొస్తోంది. మడిచి గోడలోకి తోసేసే మంచం ముద్దొస్తోంది, చెంబంత వాష్‌బేసిన్ ముద్దొస్తోంది, ఉమ్మడి కుళాయి దాకా డబ్బా మోసుకెళ్ళి నీళ్ళు తెచ్చుకోవడం కూడా ముద్దొస్తోంది. ఇంటి దగ్గర మంచినీళ్ళ గ్లాసు కూడా కూర్చున్న చోటికి రావాల్సిన మనిషి, పొద్దున్నే లేచి పాత బనీను తడిపి కారవాన్ చుట్టూ తుడిచేశాడు.

"ఇంట్లో ఏ పనీ ముట్టుకోనని నన్నంటావుగా, చూడు. ఇల్లు మొత్తం బయటినుంచి కడిగేశాను" అన్నాడు గొప్పగా.

"వెనక గోడ కూడానా?"

"వెనక గోడే ముందు. ఎవరో చెయ్యేసి పాడుచేశారు."

నర్సు చేతిలో గ్లాసు కింద పెట్టింది. "మీరూ చూశారా ఆ గుర్తు?"

"చూడకపోవడమేంటి, బొమ్మలేసుకు బతికేవాణ్ణి. ఎడమ చెయ్యి. చూపుడు వేలు సరిగ్గా పడలేదు. పక్క గుడారం పిల్లలెవరో అయ్యుంటారు."

పక్క గుడారాల వాళ్ళంతా నిన్నటి వానకి మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారని ఆమె గుర్తు చెయ్యలేదు. చేసినా ఆయన ఇంకెవరో పిల్లల్ని పుట్టించేవాడు. ఆమె లోపలికి చూసింది. బెంచీ మీద కూర్చున్న డ్రైవరుగారు టీ తాగడం ఆపి, ఈ మాటలన్నీ వింటున్నాడు.

ఆయన నర్సు తండ్రి. జీవితమంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. గుండెలో కవాటం ఒకటి చెడింది. వచ్చే వారం ఆపరేషను. ఆపరేషను బల్ల ఎక్కేలోపు ఒక్కసారి ఆ ఒడ్డుకి వెళ్ళొద్దామని ఆయన అడిగితేనే ఈ ప్రయాణం. ఎందుకని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

కారవాన్‌లో ఆ బెంచీ ముగ్గురికి సరిపోతుంది. తండ్రి ఒక చివర కూర్చుంటే కూతురు రెండో చివర కూర్చుంటుంది. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. అది అమ్మ చోటు. తన తమ్ముడు పోయిన రోజునుంచీ ఆవిడ బెంచీ మీదైనా, బండిలోనైనా, భోజనాల దగ్గరైనా ఆ ఇద్దరి మధ్యే కూర్చునేది. ఆవిడ ఇద్దరితోనూ బాగానే మాట్లాడేది. వాళ్ళిద్దరూ మాత్రం ఆవిడ మీదుగానే మాట్లాడుకునేవాళ్ళు. కిందటేడు ఆవిడ పోయింది. ఆ చోటు మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ పాత సంగతి మళ్ళీ చెప్పుకోవాలి. మొదటి భాగాలు చదవనివాళ్ళు కూడా ఉంటారు కదా.

బస్సు డ్రైవరుకి వెనక ఏం జరుగుతోందో చెప్పేది కండక్టరు చెయ్యి. బండి మీద ఒక్క చరుపు పడితే ఆగు. రెండు పడితే పోనీ. మన డ్రైవరుగారు ఆ అలవాటుని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో స్నానాలగది తలుపు రెండుసార్లు మోగితే లోపల ఉన్నవాళ్ళు త్వరగా కానివ్వాలని అర్థం. ఇక కారవాన్‌ని వెనక్కి పెట్టాలంటే ఆ భాష లేకుండా పనే జరిగేది కాదు. కారులో కూర్చున్నవాడికి అద్దంలో కారవాన్ తప్ప ఇంకేం కనపడదు. అందుకని ఇంట్లో ఒకరు వెనక నిలబడి గోడ మీద చరవాలి. ఒకటైతే ఆగు, రెండైతే రా.

ఆ రోజు నది పక్కన, కింది చదునులో, వెనక నిలబడింది నర్సే. బండి ఆగగానే చక్రం వెనక చెక్క దిమ్మ పెట్టడానికి మామయ్య ముందే వంగి ఉన్నాడు. నర్సు ఒక్కసారి చరిచింది. బండి ఆగి, మళ్ళీ కదిలింది. ఆయన్ని తోసుకుంటూ అంచు దాటి సగానికి నీళ్ళలో దిగింది. పైకి చప్పుడు చెయ్యని నీళ్ళు అవి, లోపల గుంజే నీళ్ళు. తాళ్ళు కట్టి కారవాన్‌ని బయటికి లాగారు. మనిషి రాలేదు.

"నేను ఒక్కటే చరిచాను" అంది పిల్ల. "నాకు రెండు వినపడ్డాయి" అన్నాడు తండ్రి. ఆ రోజు అన్న ఆ రెండు మాటల తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆ ఊసు ఎత్తలేదు. పిల్ల కంగారులో రెండు చరిచేసి ఒప్పుకోవడం లేదని తండ్రి అనుకున్నాడు. బ్రేకు మీద కాలు జారితే ఆ నింద తన మీద తోశాడని కూతురు అనుకుంది. అమ్మ ఏమనుకుందో ఎవరికీ తెలియదు. ఇద్దరిలో ఒకళ్ళు అబద్ధమాడుతున్నారని, అదెవరో తేలడం ఇష్టంలేకే మధ్యలో కూర్చుందని నా అనుమానం.

పదిగంటలవేళ క్యాంపు పెద్దమ్మ వచ్చింది. ఆ ఒడ్డునంతా చూసుకునేది ఆవిడే. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, చేతిలో ఊతకర్రగా వాడే గొడుగు. గొడుగు మొనతో చక్రం పక్కన నేలని పొడిచి చూసింది. పిడి దాకా దిగినంత పని అయింది.

"బండి కూరుకుపోతోంది, చూసుకున్నారా?"

డ్రాయింగు మాస్టారు పరుగెత్తి, వాలు చూసే రసమట్టం తెచ్చి గడప మీద పెట్టాడు. లోపలి బుడగ ఒక మూలకి పోయి కూర్చుంది. "నిన్న సరిగ్గా మధ్యలో ఉందండీ. నేనే చూసి పెట్టాను" అన్నాడు నొచ్చుకుంటూ.

"నిన్న నేల గట్టిగా ఉంది నాయనా. పై గట్టంతా నల్లమట్టి. ఇంకో పూట ఆగితే ఈ చక్రం నాకు కనపడదు. కింద నది పక్కన చదునుంది కదా, అది కంకర నేల. అక్కడికి దించుకోండి. లేదంటే ట్రాక్టరుకి కబురు పెడతాను, లాగించుకుని ఇంటికి పోండి."

"కిందికి" అన్నాడు డ్రైవరుగారు.

"ఇంటికి" అంది నర్సు.

ఇద్దరూ ఒక్కసారే అన్నారు. పెద్దమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, గొంతు తగ్గించింది.

"అప్పట్లో నేనిక్కడ కొత్త కోడల్ని. మీ బండికి కట్టిన తాడు పట్టుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఈ నది ఎవర్ని తీసుకున్నా మళ్ళీ తెచ్చి ఆ కింది చదును దగ్గరే ఒడ్డున పెడుతుంది. నా కళ్ళతో చూశాను. మీవాణ్ణి మాత్రం ఎందుకో పెట్టలేదు." కాస్త ఆగి, "అంచున అడ్డంగా వేయించిన దుంగ మొన్నటి వరదకి కొట్టుకుపోయింది. చూసుకుని పెట్టుకోండి" అని చెప్పి, బూట్లు పీక్కుంటూ బురదలో వెళ్ళిపోయింది.

నర్సుకి అరవాలనిపించింది. ఆ చదును మొహం చూడనని, ఇప్పుడే ట్రాక్టరుని పిలవమని అనాలనిపించింది. కానీ ఈ వయసులో, ఆ గుండెతో, తండ్రి ఇలా అడగడానికి ఇంకోసారి ఉంటుందో లేదో ఆసుపత్రిలో పనిచేసే ఆమెకి మనకన్నా బాగా తెలుసు. అందుకని నోరు మూసుకుని కారవాన్ కదలకుండా మూలల్లో దించిన కాళ్ళని పైకి తిప్పడం మొదలుపెట్టింది.

కింది చదునుకి దిగే దారి చెట్ల మధ్యనుంచి మెలికలు తిరిగి ఒక్కసారిగా నీళ్ళ ముందు తెరుచుకుంటుంది. చిన్న చోటు. ఒక పక్క నీళ్ళ మీదికి వంగిన చెట్టు, ఇంకో పక్క కుళాయి స్తంభం. ఆ రెంటి మధ్య కారవాన్‌ని వెనక్కి పెట్టాలి. నేల కొద్దిగా నది వైపుకి వాలి ఉంది. ఎదురుగా, నీళ్ళకి అవతల, నిట్టనిలువుగా నల్లటి కొండ. దాని మీద మొక్క లేదు, పిట్ట లేదు. నది ఏ చప్పుడూ లేకుండా దాని కిందనుంచి వెళ్ళిపోతోంది. తన అడుగుల కింద కంకర నలిగే చప్పుడు కూడా అక్కడ ఎక్కువేనని నర్సుకి అనిపించింది.

డ్రైవరుగారు కారు ఆపి, కిటికీ అద్దం దించాడు. డ్రాయింగు మాస్టారు చేతులు రుద్దుకుంటూ ముందుకొచ్చాడు.

"మావయ్యగారూ, నేను ఇంకోసారి ప్రయత్నించనా?"

మొన్న ఆయన ప్రయత్నించాడు. కారు ఒకవైపు, కారవాన్ ఇంకోవైపు తిరిగి, అలిగిన మొగుడూ పెళ్ళాల్లా నిలబడ్డాయి.

"మీరు పక్కనుండండి అల్లుడుగారూ. దిమ్మ తీసి పట్టుకోండి చాలు" అన్నాడు డ్రైవరుగారు. తర్వాత, ఎవరివైపూ చూడకుండా, "తల్లీ, నువ్వు వెనక్కి వెళ్ళు" అన్నాడు.

"నేను చరవను."

"నువ్వు కాక ఎవరు చరుస్తారు?"

"ఆయన చరుస్తారు. రాళ్ళు చరుస్తాయి. నేను మాత్రం జన్మలో ఆ గోడ మీద చెయ్యి వెయ్యను నాన్నా."

"ఎన్నాళ్ళిలా?"

"మొదలుపెట్టింది నేనా? పన్నెండేళ్ళ పిల్లని పట్టుకుని, అంతమంది ముందు, అమ్మ ముందు, రెండు వినపడ్డాయి అన్నావు!"

"వినపడ్డాయి కనక అన్నాను."

"నేను ఒక్కటే చరిచాను!"

డ్రైవరుగారు స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించాడు. "తప్పు చేశావని నేను ఏనాడూ అనలేదే. చిన్నపిల్లవి, చెయ్యి తొందరపడి ఉంటుంది. నిన్ను కొట్టేవాణ్ణా, తిట్టేవాణ్ణా? అవును నాన్నా, రెండు చరిచానేమో అని ఒక్కసారి అనెయ్, నాకంతే చాలు. బల్ల ఎక్కేలోపు ఆ ఒక్కమాట వింటే ప్రాణం తేలికపడుతుందని ఇంత దూరం వచ్చాను."

నర్సు నవ్వింది. వినడానికి బాగున్న నవ్వు కాదు అది. "నేనెందుకు వచ్చానో తెలుసా? నా కాలే జారింది తల్లీ అని నువ్వు ఒక్కసారి అంటావేమోనని. వార్డులో రోజూ ఎంతమంది చేతులు పట్టుకుంటానో. నాడి చూసేటప్పుడల్లా ముందు నా చెయ్యి చూసుకుంటాను. ఒక్కటే కదా చరిచింది, ఒక్కటే కదా అని దాన్నే అడుగుతాను. నా చెయ్యి నాకే సాక్ష్యం చెప్పుకోవాల్సిన గతి పట్టించావు నాన్నా."

"కండక్టర్ల చరుపులు వింటూ ముసలివాణ్ణయ్యాను. ఒకటికీ రెండుకీ తేడా తెలియని చెవులు కావమ్మా ఇవి."

"అంటే నేను అబద్ధాలకోరుని."

"నేనా మాట అన్నానా?"

"ఇన్నేళ్ళుగా అంటూనే ఉన్నావు!"

తండ్రీ కూతుళ్ళ మధ్య నిలబడిన అల్లుడికి ఎటు చూడాలో తెలియలేదు. ఇలాంటప్పుడు మగవాళ్ళు చేసే పనే ఆయనా చేశాడు. ఏదో పని వెతుక్కున్నాడు. కారవాన్ వెనక్కి వెళ్ళి, అడుగున ఉన్న సామాను అర తెరిచి, చెక్క దిమ్మ బయటికి తీశాడు. మామయ్య స్వయంగా చెక్కిన దిమ్మల జతలో మిగిలింది అదొక్కటే. రెండోది ఆ రోజు ఆయన చేతిలో ఉంది. మాస్టారు దిమ్మని చంకలో పెట్టుకుని, ఈ తగువు మీద ఉన్న విసుగంతా కలిపి అర తలుపుని ధన్‌మని వేశాడు.

డ్రైవరుగారి తల కిటికీలోంచి బయటికి వచ్చింది. "ఆ తలుపు రెండుసార్లు ఎందుకు వేస్తారు అల్లుడుగారూ? ఊడి చేతికొస్తుంది."

"ఒకసారే వేశాను మావయ్యగారూ."

"రెండు వినపడ్డాయి" అన్నాడు డ్రైవరుగారు.

అనేసి, ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని అప్పుడు విన్నాడు. మొహంలో రంగు పోయింది. నర్సు కూడా వింది. ఆమె నెమ్మదిగా వెళ్ళి కారు పక్కన, తండ్రి కిటికీని ఆనుకుని నిలబడింది.

"ఏమండీ" అని భర్తని కేకేసింది. "ఆ తలుపు మళ్ళీ వెయ్యండి. ఒక్కసారే."

ధన్. కారవాన్ వెనకనుంచి వచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టింది. కండక్టరు ఒక చరుపుకీ రెండో చరుపుకీ మధ్య ఎంత వ్యవధి ఇస్తాడో అంతే వ్యవధి తర్వాత, నీళ్ళ మీదుగా, నల్లకొండ లోపలినుంచి ఇంకొకటి వచ్చింది. ధన్.

"మళ్ళీ" అంది. మళ్ళీ అంతే. ఒకటి ఇటునుంచి, ఒకటి అటునుంచి.

డ్రైవరుగారు కారు దిగాడు. ఆసరా పట్టబోయిన కూతురి చెయ్యి వదిలించుకుని, కారవాన్ గోడ పట్టుకుంటూ వెనక్కి నడిచాడు. అల్లుణ్ణి పక్కకి జరగమని, తలుపు తనే వేశాడు. రేకు గోడంతా గుమ్మని మోగి, ఆ మోత చాలాసేపటి దాకా చెవిలో తిరిగింది. కొండ తిరిగిచ్చిన చప్పుడు ఆ మోతలోనే కలిసి మునిగిపోయింది. అక్కడ నిలబడిన మనిషికి వినపడింది ఒక్కటే.

అన్నేళ్ళలో మొదటిసారి తండ్రి కూతురు నిలబడ్డ చోట నిలబడ్డాడు, కూతురు తండ్రి విన్న చోట వింది. మామయ్య పోయిన రోజు దాకా వాళ్ళు ఎప్పుడూ పై గట్టు మీదే దిగేవాళ్ళు. అక్కడ మధ్యలో చెట్లు అడ్డం. కింది చదునుకి దిగడం ఆ రోజే మొదలు. నోటితోనో, చేతులూపో బండి వెనక్కి పెట్టించుకునే ఇంకే కుటుంబానికీ ఆ కొండ ఏ హానీ చేసేది కాదు. చరుపులు లెక్కపెట్టుకునే ఈ ఒక్క ఇంటికే చేసింది.

"ఒక్కటే చరిచావు తల్లీ" అన్నాడు డ్రైవరుగారు. "ఒక్కటే చరిచావు."

"నీకు రెండే వినపడ్డాయి నాన్నా" అంది నర్సు. ఆసుపత్రిలో ఎన్ని చావులు చూసినా చలించనిదని పేరున్న మనిషి వెక్కి వెక్కి ఏడ్చింది. "అమ్మకి తెలిస్తే బాగుండేది. ఎవరూ అబద్ధమాడలేదని అమ్మకి తెలిస్తే ఎంత బాగుండేది."

ఆమె తండ్రిని లోపలికి తీసుకెళ్ళి, మాత్ర వేయించి, బెంచీ మీద కూర్చోబెట్టింది. తను రెండో చివరకి వెళ్ళలేదు. అమ్మ చోట్లో, తండ్రి భుజానికి భుజం ఆనించి కూర్చుంది. మాస్టారు గుమ్మంలో నిలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "టీ నేను పెట్టనా?" అన్నాడు. ఆ టీ ఎవరూ తాగలేకపోయారు గానీ, పెట్టినందుకు ఆయన్ని నేను మెచ్చుకుంటాను.

కథ ఇక్కడ ఆపేస్తే నాకు మంచి పేరొస్తుంది. కానీ కారవాన్ ఇంకా దారికి అడ్డంగానే ఉంది.

మధ్యాహ్నం దాటేసరికి నది మీదనుంచి మంచు లేచింది. కొండ అడుగు మాయమైంది. పైభాగం ఒక్కటే ఆకాశంలో మిగిలింది. వెలుతురు ఉండగానే బండిని సర్దుకోవాలి.

"నాన్నా, నేనే చరుస్తాను" అంది నర్సు.

"ఫోన్లో మాట్లాడుకోవచ్చుగా హాయిగా" అన్నాడు మాస్టారు. తర్వాత తన ఫోను చూసుకుని, "మాట్లాడుకోలేరులే. సిగ్నలు లేదు" అన్నాడు.

"ఫోను వద్దండీ. ఆ రోజు సరిగ్గా జరగని పని ఈ రోజు సరిగ్గా జరగాలి. అదే చోట, అదే చేత్తో" అంది ఆమె.

డ్రైవరుగారు తల ఊపాడు. ఆయన మొహంలో ఎన్నడూ లేని తేలిక కనపడింది. "అయితే లెక్క మార్చుకుందాం తల్లీ. నువ్వు ఒకటి చరిస్తే కొండ ఇంకోటి కలుపుతుంది. రెండు వింటే ఆగుతాను. నువ్వు రెండు చరిస్తే కొండ ఇంకో రెండు కలుపుతుంది. నాలుగు వింటే వస్తాను. నేల వాలుగా ఉంది, బ్రేకు వదిలితే చాలు, బండి దానంతటదే దొర్లుతుంది. చేతి బ్రేకు ఈ మధ్య మాట వినడం లేదు. దిమ్మ పడిందని నువ్వొచ్చి చెప్పేదాకా బ్రేకు మీదనుంచి కాలు తియ్యను."

నర్సు వెనక్కి వెళ్ళి, గోడకి ఒక పక్కగా నిలబడింది. చెయ్యెత్తింది. చెయ్యి పడడానికి ఒక్క క్షణం పట్టింది. చరిచింది, మళ్ళీ చరిచింది. కొండ ఆ రెంటినీ తిరిగిచ్చింది. కారవాన్ వెనక, బ్రేకు తొక్కినంతసేపూ వెలిగే ఎర్ర దీపాలు ఆరాయి. బండి కంకర మీద నలుగుతూ, మెల్లగా, బుద్ధిగా వెనక్కి వచ్చింది. చెట్టు దాటింది. కుళాయి స్తంభం దాటింది. నీళ్ళ అంచు దగ్గరపడింది.

ఆమె ఒక్కసారి చరిచింది.

కొండ ఒక్కటి కలిపింది. ఎర్ర దీపాలు వెలిగాయి. బండి ఆగింది.

ఆగింది. ఇన్నేళ్ళకి ఆమె ఒక్క చరుపుకి బండి ఆగింది. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మాస్టారు దిమ్మ పట్టుకుని, నదికీ చక్రానికీ మధ్య మోకాళ్ళ మీద కూర్చుని, కంకర పక్కకి తోస్తూ చోటు చేస్తున్నాడు. ఎర్ర వెలుతురు ఆయన కళ్ళద్దాల మీద పడి మెరుస్తోంది.

"ఏమోయ్, ఇది ఏ వైపు తిప్పి పెట్టాలి?" అని అడిగాడు.

ఆమె జవాబు చెప్పబోయింది. అప్పుడు తన చెయ్యి పక్కన గోడ చూసింది. పొద్దున ఆయన తుడిచిన గోడ మంచుకి మళ్ళీ చెమర్చి ఉంది. ఆ తేమలో, ఆమె అరచేతికి జానెడు దూరంలో, ఇంకో అరచెయ్యి పొడిగా తేలుతోంది. ముందు మణికట్టు, తర్వాత బొటనవేలు, తర్వాత సగం చూపుడు వేలు.

గోడ అదిరింది. ఆ అదురు ఆమె అరచేతిలోకి పాకింది. ఒకటి.

"లేవండి!" అని అరిచాననుకుంది. గొంతు రాలేదు.

రెండు.

ఆమె చెయ్యి గోడ మీదనుంచి లేవలేదు. కారు ముందర, అద్దంలో కారవాన్, మంచు తప్ప ఏమీ కనపడని తండ్రి, ఇప్పుడు తన కూతురి చెయ్యిని మనసారా నమ్మిన తండ్రి, చెవులు రిక్కించి లెక్కపెట్టుకుంటున్నాడని ఆమెకి తెలుసు.

నీళ్ళకి అవతల, మంచు లోపలినుంచి, కొండ తొందర లేకుండా మూడోది ఇచ్చింది. నాలుగోదీ ఇచ్చింది.

మాస్టారి కళ్ళద్దాల మీద ఎర్ర వెలుతురు ఆరిపోయింది.